గొట్టంలో గ్లాసెడు నీళ్లు

చలి ముదిరితే ఆ లింకు పడిపోయేది. రెండు రోజులు ఎండకాసి ఉష్ణోగ్రత సున్నా దాటితే ఎవరూ ముట్టుకోకుండానే లేచి కూర్చునేది. ఉత్తర మినెసోటాలో నా మొదటి చలికాలమంతా దాని వెనకాలే తిరిగాను. డిసెంబరులో ఒక జాయింట్ విప్పి మళ్లీ వేశాం. జనవరిలో ఎక్స్ఛేంజిలో కార్డు మార్చాం. రెండుసార్లూ మేం పని ముగించే వేళకి చలి కాస్త మెత్తబడింది, లింకు వచ్చింది. మా చేతి చలవే అనుకుని కాఫీలు తాగి ఇళ్లకు పోయాం.

మార్చిలో మంచు కరిగాక అసలు సంగతి తేలింది. ఊరి బయట చిన్న వాగు మీద వంతెన. దాని పక్కన బిగించిన పైపులో నీళ్లు. పైపు మూతికి పెట్టాల్సిన రబ్బరు ప్లగ్గు ఒక చివర లేదు. అంతకుముందు సెప్టెంబరులో ఆ వంతెన పని చూసింది నేనే. శుక్రవారం సాయంత్రం, వాన మబ్బు పట్టింది, ఆ సైజు ప్లగ్గు బండిలో లేదు. సోమవారం వచ్చి పెడదామని పుస్తకంలో రాసుకున్నాను. ఆ సోమవారం నేను వేరే ఊళ్లో ఉన్నాను. ఆ తర్వాతి సోమవారాల సంగతి అడక్కండి.

ఈ అధ్యాయం ఇద్దరి కోసం రాస్తున్నాను. ఒకరు, మినెసోటా, నార్త్ డకోటా, కెనడా లాంటి చోట్ల ఫైబర్ పనికి వెళ్లే మన పిల్లలు. రెండోవారు, హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆ ఊళ్లకు ఫైబర్ రూట్లు గీసే డిజైన్ ఇంజినీర్లు. వీళ్ల సంఖ్య తక్కువేం కాదు. మౌస్‌తో గీసిన గీత ఎప్పుడో ఒకప్పుడు గడ్డకట్టిన నేలలోంచి వెళ్తుంది. ఆ నేల ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా గీసిన గీతలు నేనూ చాలానే గీశాను.

గాజుకు చలి లేదు

మొదటి మీటింగులో నేను గట్టిగా వాదించిన విషయం ఒకటుంది. మినెసోటా భవన నిబంధనల్లో ఇంటి పునాది లోతు ఉత్తర జిల్లాలకు 60 అంగుళాలు, దక్షిణ జిల్లాలకు 42 అంగుళాలు ఉండాలి. నేల గడ్డకట్టే లోతు లెక్కలోంచి వచ్చిన అంకెలవి. మంచినీటి పైపులు కూడా ఆ లోతు కిందనే వేస్తారు. మన ఫైబర్ మాత్రం మూడు నాలుగు అడుగుల్లో ఎందుకుంది, ఇంకా కిందకి దించాలి కదా అన్నాను. మా ఫోర్‌మన్ అంతా విని, గాజు గడ్డకడుతుందా అని అడిగాడు. గది నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నిజమే, నీటి పైపు లోపలున్నది గడ్డకడుతుంది. ఫైబర్ లోపలున్నది వెలుతురు. వెంట్రుక మందంలో ఉండే ఆ గాజు పోగుకి, అంటే 125 మైక్రాన్ల పోగుకి, చలి లెక్కలోకి రాదు. బయట వాడే మామూలు కేబుల్ డేటాషీటు తెరిస్తే పనిచేసే ఉష్ణోగ్రత మైనస్ 40 నుంచి ప్లస్ 70 డిగ్రీల సెల్సియస్ దాకా అని ఉంటుంది. ఏటా గడ్డకట్టే పొరలోనే, మూడడుగుల లోతున, లక్షల ఇళ్లకు వెళ్లే కేబుళ్లు హాయిగా పడుకుని ఉన్నాయి.

మన దగ్గర బీఎస్ఎన్ఎల్ వాళ్లు కేబుల్ కందకం 165 సెంటీమీటర్లు తవ్వమంటారు. అది చలి భయం కాదు, తవ్వే వాళ్ల భయం. జేసీబీ పళ్లు అందకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కేబుల్‌ని చాలా మేరకు కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు. ఆ చివరి ఆలోచన మనకు చాలా తెలివైనది. మినెసోటాలో లోతైన కందకం తవ్వి నీటి పైపు వేస్తున్నప్పుడు ఫైబర్ గొట్టాన్ని అందులోనే వేయొచ్చా అంటే వేయొచ్చు, కానీ చలి కోసం మాత్రం అంత లోతు అక్కర్లేదు.

మరి నా లింకు ఎందుకు పడింది? నీళ్ల వల్ల. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో అక్కడక్కడ తడి ఉంటే పరవాలేదు, ఐసుకి సాగే చోటుంటుంది. గొట్టం నిండా నీళ్లుండి, ముందు రెండు చివరలా గడ్డకట్టి, మధ్యలో నీరు ఇరుక్కుపోయినప్పుడే గొడవ. ఆ మధ్య నీరు కూడా గడ్డకడుతూ ఎటూ పోలేక చేతికందిన దాన్ని నొక్కుతుంది. అందేది కేబులే. పోగు తెగదు. ఎక్కడికక్కడ సూక్ష్మంగా వంగుతుంది. వంపు దగ్గర వెలుతురు గాజులోంచి బయటికి జారిపోతుంది. ఐసు కరిగితే పోగు మళ్లీ సాఫీ అవుతుంది, లింకు లేస్తుంది. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికెళ్లిన రోగి లాంటిదే ఈ లోపం. మనం వెళ్లేసరికి చూపించడానికి ఏమీ ఉండదు.

దీన్ని పట్టుకునే దారి ఒకటుంది. ఆ డిసెంబరులోనే నాకు తెలిసుండాల్సింది. ఫైబర్‌లో 1310, 1550 నానోమీటర్ల వెలుతురు రెండూ పంపి ఓటీడీఆర్‌తో కొలవండి. పోగు పొడుగునా నష్టాన్ని అది ఒక గీతగా, అంటే ట్రేసుగా, చూపిస్తుంది. నష్టం ఉన్న చోట గీతలో మెట్టు కనిపిస్తుంది. మామూలు పోగులో 1310 దగ్గర కిలోమీటరుకి 0.35 డెసిబెల్ చొప్పున, 1550 దగ్గర 0.2 చొప్పున నష్టం ఉంటుంది. అంటే 1550 ఎక్కువ దూరం పోయే రకం. కానీ వంపు వస్తే ఆ రకమే ముందు జారుతుంది. ఒకే చోట 1550లో పెద్ద మెట్టు, 1310లో చిన్న మెట్టు కనిపించాయంటే అక్కడ పోగు వంగింది. రెంటిలోనూ మెట్టు ఒకేలా ఉంటే జాయింటునో కనెక్టర్నో అనుమానించాలి. నేను 1310లో ఒక్కటే చూసి జాయింటు విప్పాను. అరగంట పనికి బద్ధకించి మూడు నెలలు తిరిగాను.

అందుకని పని అప్పగించే ముందు, వేసవిలోనే, రెండు వెలుతురుల్లోనూ కొలిచి దాచుకోండి. మొదటి గట్టి చలి వచ్చిన వారంలో అవే పోగుల్ని మళ్లీ కొలవండి. ఒక ట్రేసు మీద ఇంకోటి పెట్టి చూస్తే కొత్తగా లేచిన మెట్టు మీ కంటికే కనబడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

మంచు అంటే ఏ మంచు?

తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు మీద కమ్మే పొగా మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. మన ఊళ్లలో ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఇక్కడ సైటులో ఆ ఒక్క మాటతో నడిస్తే దెబ్బతింటారు. ఆకాశం నుంచి రాలి పడ్డ దూదిలాంటి మంచు నేలకు దుప్పటి. దాని నిండా గాలే కనుక కింద వేడిని పోనివ్వదు. అడుగున్నర మంచు పేరుకున్న పొలం కింద నేల అంతగా బిగుసుకోదు. అదే పొలం పక్కన, రోజూ మంచు తోసేసే రోడ్డు కిందా, ఇళ్ల ముందు కార్లు నిలిపే చోటా గడ్డకట్టడం చాలా లోతుకి దిగుతుంది. కొత్తవాళ్లు సరిగ్గా తలకిందులుగా ఊహిస్తారు. మంచు కనిపించని చోట నేల మెత్తగా ఉంటుందని అక్కడ పలుగు వేస్తారు. పలుగు ఎగిరి చేతికి తగులుతుంది.

మట్టి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గడ్డకట్టినప్పుడు అన్ని నేలలూ ఒకేలా ఉబ్బవు. ఇసుకలో రంధ్రాలు పెద్దవి, నీరు కిందికి జారిపోతుంది. చిక్కటి బంకమట్టిలో నీరు కదలడమే కష్టం. రెంటికీ మధ్యస్థంగా ఉండే మెత్తటి ఒండ్రు మట్టి ఉంది చూశారూ, అది మహా గడుసుది. ప్రమిదలో వత్తి నూనె పీల్చుకున్నట్టు కింది నీటిని పైకి లాగి, గడ్డకట్టే పొర దగ్గర పలకలు పలకలుగా ఐసు పేర్చుకుంటుంది. పేర్చిన కొద్దీ పైనున్న నేల లేస్తుంది. దానితోపాటు మీరు పాతిన హ్యాండ్‌హోల్ పెట్టె కూడా లేస్తుంది. పెట్టె లేచి కేబుల్ లేవకపోతే, పెట్టెలోకి కేబుల్ దూరే అంచు దగ్గర అది నలుగుతుంది.

ఉబ్బడానికి మూడూ కావాలి, ఆ రకం మట్టి, నీరు, చలి. చలిని మనం ఆపలేం. మట్టిని పెట్టె చుట్టుపక్కల మాత్రమే మార్చగలం. అందుకే పెట్టె కింద అడుగు లోతున కంకర పరిచి, నీరు దిగిపోయే దారి ఉంచుతారు. పెట్టె లోపల కేబుల్‌ని బిగుతుగా కట్టకుండా చుట్టలు చుట్టి వదులుగా ఉంచుతారు. కంకర ఖర్చు దండగని ఒక సూపర్‌వైజరు నాతో వాదించాడు. మరుసటి ఏప్రిల్‌లో ఆయన పెట్టెలు పచ్చికలోంచి పుట్టగొడుగుల్లా నిలబడ్డాయి.

కార్తెలు తెలిసిన వాడి పని

మా తాత మృగశిర ఎప్పుడు వస్తుందో చూసుకుని దుక్కి సిద్ధం చేసేవాడు. వాన పడ్డాక నాగలికి కర్రు వేయించడానికి కమ్మరి దగ్గరికెళ్లే రైతుని ఊరంతా నవ్వేది. ఫైబర్ పనికీ కార్తెలున్నాయి, పేర్లు లేవంతే. మినెసోటాలో నవంబరు చివర్లో నేల బిగుసుకోవడం మొదలవుతుంది. ఏప్రిల్, కొన్నేళ్లు మే దాకా వదలదు. వదిలే రోజులు కూడా మంచివి కావు. పై పొర కరిగి, కింద ఇంకా గడ్డగానే ఉండి, నీరు దిగే దారిలేక నేల బురద ముద్దవుతుంది. అప్పుడు బరువైన లారీలు నడిస్తే రోడ్లు కుంగుతాయని రాష్ట్రం బరువు పరిమితులు పెడుతుంది. డ్రమ్ములు మోసే మీ లారీ గోడౌన్లో ఉండిపోతుంది. కాబట్టి నిజమైన పని రోజులు జూన్ నుంచి అక్టోబరు.

దీని మీద నా అభిప్రాయం మొండిదే, చెప్పేస్తాను. సెప్టెంబరులో కొత్త కందకాలు తెరవడం ఆపేసి, తెరిచినవాటిని మూసే పని పెట్టుకోవాలి. ప్రతి గొట్టంలోకీ గాలి కొట్టి నీరు చిమ్మేయాలి. వాడే గొట్టానికీ, ఖాళీ గొట్టానికీ రెండు చివరలా ప్లగ్గు పెట్టాలి. ఖాళీ గొట్టాన్ని అందరూ మర్చిపోతారు. వచ్చే ఏడాది అందులో కేబుల్ ఊదబోతే మధ్యలో ఐసు కడ్డీ తగులుతుంది. వంతెనల మీది పైపులూ, కల్వర్టుల దగ్గర పైకి తేలిన పైపులూ ముందు చూడాలి. నేల కంటే గాలి త్వరగా చల్లబడుతుంది కనుక మొదట గడ్డకట్టేవి అవే. మేనేజరు మాత్రం అక్టోబరులో ఎన్ని మీటర్లు వేశావని అడుగుతాడు. ఎన్ని ప్లగ్గులు పెట్టావని ఎవరూ అడగరు. మీ రిపోర్టులో ప్లగ్గులకు ఒక గడి మీరే గీసుకోండి. నేను గీసుకున్నాక పై వాళ్లు దాన్ని చూడటం మొదలుపెట్టారు.

తప్పనిసరై చలిలో చేయాల్సి వస్తే

ఆసుపత్రికో, బడికో లింకు కావాలి, ఏప్రిల్ దాకా ఆగమనలేం. అప్పుడు డబ్బు ఖర్చవుతుంది. చలికాలంలో తవ్వకాలకు విడిగా చార్జీ వేయడం మినెసోటాలో మామూలు. గడ్డకట్టిన నేల మీద వేడి ద్రవం తిరిగే రబ్బరు గొట్టాలు పరిచి, పైన దుప్పట్లు కప్పి, రోజుకి సుమారు అడుగు చొప్పున కరిగిస్తారు. లేదంటే పై గడ్డని పళ్ల చక్రంతో కోసి తీసి, కింది మెత్తటి మట్టిలో తవ్వుతారు. డైరెక్షనల్ డ్రిల్లింగ్ అయితే గడ్డ పొర కిందనుంచి దూరిపోవచ్చు, కానీ డ్రిల్లుకి వాడే బెంటొనైట్ బురద గొట్టాల్లోనే గడ్డకట్టకుండా చూసుకోవాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే ఉన్న లైన్లను రంగులతో గుర్తు పెడతారు. కమ్యూనికేషన్ లైన్లకు నారింజ, గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు. రాత్రి మంచు పడితే ఆ రంగులన్నీ మాయం. పొడుగాటి జెండాలు అడగండి.

కేబుల్‌కి పనిచేసే ఉష్ణోగ్రత వేరు, లాగే ఉష్ణోగ్రత వేరు. మైనస్ 40లో పనిచేస్తుందని రాసి ఉంటే మైనస్ 40లో లాగొచ్చని కాదు. లాగే హద్దు సాధారణంగా అంతకంటే వెచ్చగా ఉంటుంది, ఒక్కో కంపెనీ కేబుల్‌కి ఒక్కోలా. డేటాషీటులో ఆ రెండో వరుస చదవండి. డ్రమ్ముని ముందే వెచ్చటి షెడ్డులో పెట్టాలి, ఒక్క రాత్రి చాలదు. పై చుట్టు వెచ్చబడ్డా లోపలి చుట్లు చల్లగానే ఉంటాయి. ఒకటి రెండు రోజులు తీసుకోండి.

హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టం ఇంకో తమాషా చేస్తుంది. మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు సరిగ్గా కొలిచి కోస్తే రాత్రికి పొట్టిదైపోతుంది. 30 డిగ్రీలు పడిపోతే 100 మీటర్ల గొట్టం దాదాపు అర మీటరు ముడుచుకుంటుంది. పొద్దున్నే వచ్చి చూస్తే కప్లర్‌లోంచి ఊడి ఉంటుంది. అందుకే వేసిన గొట్టాన్ని ఒక రాత్రి నేలతో సమానంగా చల్లబడనిచ్చి తర్వాత కోస్తారు. గాలితో కేబుల్ ఊదేటప్పుడు కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే అది గొట్టం లోపలే మంచుపొరగా పేరుకుంటుంది. గాలిని ఆరబెట్టే పరికరం లేకుండా చలిలో ఊదడం నీళ్లని మనమే లోపలికి పంపడం.

పోగుల్ని అతికే పని, అంటే స్ప్లైసింగు, టెంటులోనో వ్యానులోనో హీటరు పెట్టుకుని చేస్తారు. చల్లటి స్ప్లైసింగు మిషన్ని వెచ్చటి వ్యానులోకి తేగానే తెరిస్తే, చల్లటి సీసా మీద పట్టినట్టు కటకాల మీద చెమట పడుతుంది. కాసేపు పెట్టెలోనే ఉంచండి. ఇక మీ వేళ్లు. చలిగాలి సూచీ మైనస్ 28 దాటితే బయటికి కనిపించే చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిక. గ్లోవ్స్ తీసి సన్నటి పోగు పట్టుకోకుండా స్ప్లైసింగు జరగదు. ఒకరు చేస్తే ఒకరు గడియారం చూడాలి. మన వాళ్లు సిగ్గుపడి చెప్పరు, వేళ్లు మొద్దుబారాయని. చెప్పండి.

అదే చలి, తలకిందుల నియమం

ఇన్ని చెప్పాక ఇంకా ఉత్తరానికి పోతే ఇందులో సగం పనికిరాదు. కెనడా వాయవ్య ప్రాంతంలో మెకంజీ లోయ వెంట ఇనువిక్ దాకా 1,154 కిలోమీటర్ల ఫైబర్ వేశారు. 2015లో మొదలై 2017లో పూర్తయింది. ఉపగ్రహాల నుంచి సమాచారం అందుకునే స్టేషన్ ఇనువిక్‌లో ఉంది, దానికి వేగమైన లైను కావాలి. ఆ దారిలో చాలా మేర నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పైన కొంచెం మెత్తబడుతుందంతే. ఇనువిక్‌లో ఇళ్లు గుంజల మీద నిలబడతాయి. నీటి పైపులూ మురుగు పైపులూ నేలపైనే డబ్బాల్లాంటి తొట్టెల్లో వెళ్తాయి. ఇంటి వేడి నేలకి తగిలితే ఇల్లే కుంగుతుంది మరి.

అక్కడ జూన్‌లో పని చేయడం తప్పు. యంత్రాలు మెత్తటి నాచు నేలలో దిగబడతాయి. దిగబడి నాచు పొరను చీలిస్తే, కింద వందల ఏళ్లుగా ఉన్న ఐసుకి ఎండ తగులుతుంది. అది కరిగి కందకం కాలవవుతుంది, కాలవ ఏటేటా వెడల్పవుతుంది, కేబుల్ గాల్లో వేలాడుతుంది. అందుకే యంత్రాల్ని చలికాలంలో, నేల రాయిలా ఉన్నప్పుడు నడిపారు. మినెసోటాలో నేల గడ్డకట్టకముందు ముగించాలి, మెకంజీలో గడ్డకట్టాక మొదలుపెట్టాలి. నాకు మొదట ఇది వింతగా తోచింది. తర్వాత చూస్తే రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటే, నీరు ఇప్పుడు ఏ రూపంలో ఉంది, మనం చేసే పని దాన్ని ఏ రూపంలోకి మారుస్తుంది.

హైదరాబాద్‌లో గీత గీసేవారికి

మీరు సైటుకి వెళ్లరు, నిజమే. కానీ వీధి ఫోటోలూ, ఎత్తుపల్లాల మ్యాపూ, మట్టి మ్యాపూ మీ స్క్రీను మీదే ఉంటాయి. హ్యాండ్‌హోల్ గుర్తు పెట్టేటప్పుడు పది సెకన్లు ఆగి ఎత్తు చూడండి. రోడ్డు పక్క గుంట అడుగున పెట్టకండి, గట్టు మీదికి జరపండి. వంతెన మీద పైపు గీస్తే ఒక చివరికి వాలు ఇచ్చి, నీరు కారిపోయే చోటు చూపించండి, రెండు చివరలా ప్లగ్గులు సామాను జాబితాలోకి ఎక్కించండి. జాబితాలో లేని వస్తువు ఫీల్డు బండిలో ఉండదు. నా శుక్రవారం కథ నిజానికి అక్కడే మొదలైంది, ఆ డ్రాయింగులో ప్లగ్గు లేదు. గీసింది ఎవరో నాకు తెలీదు. నేనే అయినా ఆశ్చర్యం లేదు.

పెట్టె పక్కన ఆరడుగుల గుర్తు కర్ర కూడా డ్రాయింగులో వేయండి. ఫిబ్రవరిలో ఆ పెట్టె మూడడుగుల మంచు కింద ఉంటుంది. రాత్రిపూట మంచు తోసే లారీ దాని మీదుగానే వెళ్తుంది. లింకు పడిన రోజున ఒక కుర్రాడు పార పట్టుకుని ఆ మూత ఎక్కడుందో వెతుకుతాడు. అతనికి మీ మ్యాపులోని చుక్క చాలదు, కర్ర కావాలి.